ఖాట్మండు వెళ్దామా... చవగ్గా!

చేతిలో పట్టా ఉంది, ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు. ఇలాంటప్పుడు టూరేంటని ఇంట్లో అడుగుతారు. గోవాకైతే నేనూ అదే అడుగుతా. ఖాట్మండుకి మాత్రం ఓసారి వెళ్లి రండంటా. ముఖ్యంగా సివిల్, కంప్యూటర్స్ వాళ్లని!

2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపం నేపాల్లో దాదాపు 9 వేల మందిని బలి తీసుకుంది. మే 12న 7.3తో మరోటి. ధరహరా గోపురం విరిగిపడింది. నగరానికి పేరిచ్చిన కాష్ఠమండపం నేలమట్టమైంది. అప్పట్నుంచీ ఆ ఊరు తనని తాను తిరిగి కట్టుకుంటూనే ఉంది.

వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో చాలు. ఆధార్ ఒక్కటే నమ్ముకుని బయల్దేరొద్దు. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ గోరఖ్‌పూర్ చేరుస్తుంది. అక్కణ్నుంచి బస్సులో సునౌలీ, నడిచి సరిహద్దు దాటితే ఖాట్మండు బస్సులు. ఘాట్ రోడ్డు కాబట్టి పగటి బస్సే మేలు. వానాకాలంలో కొండచరియలు పడతాయి, అక్టోబరు, నవంబరు నెలలు ఎంచుకోండి. మన 100 రూపాయలకి అక్కడివి 160 వస్తాయి. 2024 నుంచి చాలా దుకాణాల్లో క్యూఆర్ మీద యూపీఐ కూడా పనిచేస్తోంది. అయినా మన వంద నోట్లు కొన్ని దగ్గరుంచుకోండి. పప్పూ అన్నం ‘దాల్ భాత్’ చిన్న హోటళ్లలో మారు వడ్డిస్తారు, ఒక పూట గట్టిగా తింటే రెండో పూట టీతో లాగించొచ్చు.

ఒక్క స్తంభం కథ

కాష్ఠమండపం దగ్గర తొందరపడకండి. నాలుగు పెద్ద కొయ్య స్తంభాల మీద నిలిచిన కట్టడమిది. కూలాక పురావస్తు నిపుణులు తవ్వి చూస్తే పునాది భేషుగ్గా ఉంది. పైగా 12వ శతాబ్దానిదనుకున్న మండపానికి పునాది 7వ శతాబ్దం నాటిదని తేలింది! మరెందుకు కూలింది? ఒక స్తంభం కింద దాన్ని పట్టి ఉంచాల్సిన రాతి పీట లేదు. అంతకుముందు చేసిన మరమ్మతుల్లో అది పోయిందని అంచనా. పాతవాళ్ల పని కాదు, కొత్తవాళ్ల రిపేరే కొంప ముంచిందన్నమాట. ఇప్పుడు మళ్లీ కొయ్యతోనే, పాత పద్ధతిలోనే కట్టారు.

రాణీ పోఖరీ చెరువుదీ ఇలాంటి కథే. మొదట కాంక్రీటు వాడబోతే స్థానికులు అడ్డం తిరిగారు. చివరికి ఇటుక, బంకమట్టితో 2020లో పూర్తయింది. రెజ్యూమెలో ‘హాబీ: ట్రావెలింగ్’ అని రాసేవాళ్లు బోలెడుమంది. ఈ రెండు కట్టడాలూ చూసొస్తే ఇంటర్వ్యూలో ఆ మాటకి తర్వాతి ప్రశ్న అడిగినా బెదరక్కర్లేదు.

కంప్యూటర్స్ వాళ్లు ఫోన్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే యాప్ ఏదైనా వేసుకుని, మ్యాపుని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ లేకపోయినా సందులన్నీ కనిపిస్తాయి. భూకంపానికి ముందు నుంచే ‘ఖాట్మండు లివింగ్ ల్యాబ్స్’ అనే స్థానిక బృందం ఆ మ్యాపు గీసే పనిలో ఉంది. విపత్తు రాగానే ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి రోడ్లూ ఇళ్లూ గుర్తించారు. సహాయ బృందాలకి అవే దారి చూపాయి. ఈ పని మన హాస్టల్ గదిలో కూర్చుని ఇవాళే నేర్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

సేవ పేరుతో వద్దు

సర్టిఫికెట్ కోసం ‘వారం రోజుల వాలంటీరింగ్’ ప్యాకేజీలకి మాత్రం డబ్బు కట్టకండి. అనాథాశ్రమాలవైతే అసలే వద్దు. అమ్మానాన్నలున్న పిల్లల్ని కూడా తెచ్చి చూపించే వ్యాపారం నేపాల్లో ఉంది. తాపీ పట్టడం రాని మనం వెళ్లి గోడ కట్టేదేముంది? అక్కడ మేస్త్రీలున్నారు, వాళ్లకి పని కావాలి. మన డబ్బు ఇంటివాళ్లే నడిపే లాడ్జికీ, వీధి చివరి హోటల్‌కీ వెళ్తే చాలు.

భక్తపూర్లో టికెట్ ఎగ్గొట్టే సందులు చెప్పేవాళ్లు తగులుతారు. వినొద్దు. సార్క్ దేశాలవాళ్లకి ఎలాగూ రేటు తక్కువే, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. పాత కట్టడాల బాగుకి మున్సిపాలిటీ వాడే డబ్బు అది. 2015లో పూర్తిగా కూలిన వత్సలా దుర్గ గుడిని మళ్లీ నిలబెట్టారు. ఆ దగ్గర్లోనే అయిదంతస్తుల న్యాతపోల గుడి పెద్దగా చెక్కు చెదరకుండా నిలిచింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి, ఎందుకన్నది మీరే ఆలోచించండి.

ఇళ్ల పగుళ్లు ఫొటో తీసేముందు లోపలివాళ్లని ఒక మాట అడగండి. భక్తపూర్ బస్సులు బాగ్‌బజార్లో దొరుకుతాయి. వెళ్లాక మట్టి ముంతలో అమ్మే ‘జూజూ ధౌ’ పెరుగు తినకుండా రావొద్దు. కుమ్మరుల వీధిలో పచ్చి కుండలు నేలమీదే ఆరబెడతారు, కాలు చూసుకుని వేయండి.