వయ్యారిభామను పూతకు ముందే గుర్తించండి

గట్ల మీద పచ్చిమేత కోసేటప్పుడు గడ్డితోపాటు వయ్యారిభామ కూడా మోపులో చేరుతుంటుంది. దీనినే కాంగ్రెస్ గడ్డి అని, పార్థీనియం అని అంటారు. పేరుకు గడ్డి అయినా ఇది గడ్డిజాతి కాదు. చామంతి కుటుంబానికి చెందిన ఏకవార్షిక కలుపు మొక్క. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1955లో పూనా వద్ద గుర్తించారు. తరువాత దేశమంతటా వ్యాపించింది.

పాడికి నష్టమేమిటి?

ఇందులో పార్థెనిన్ అనే విషపదార్థం ఉన్నది. పశువులు మామూలుగా దీనిని ముట్టవు. మేత కరువైనపుడు, ముక్కలు కొట్టిన మేతలో కలిసినపుడు తింటాయి. అప్పుడు పాలు చేదెక్కుతాయి. పశువు నోటిలో పుండ్లు, చర్మంపై దద్దుర్లు వస్తాయి. ఎక్కువగా తింటే ప్రాణానికే ముప్పు. వెన్నశాతం పరీక్షలో ఈ చేదు బయటపడదు. ఒక ఇంటి చేదు పాలు క్యానులో కలిస్తే మిగతా సభ్యుల పాలు కూడా పాడవుతాయి.

గుర్తించుట ఎట్లు?

లేత దశ: ఆకులు నేలకు అంటుకొని చుట్టూ చక్రంలా పరచుకొని ఉంటాయి. ఆకు చామంతి ఆకువలె, క్యారెట్ ఆకువలె లోతుగా చీలి ఉంటుంది. దానిపై సన్నని నూగు ఉంటుంది.

ఎదిగిన దశ: కాండం నిటారుగా లేచి పైన కొమ్మలు వేస్తుంది. కాండం పొడవునా గాళ్లు కనిపిస్తాయి. మొక్క నడుము ఎత్తు, ఒక్కొక్కచోట మనిషెత్తు కూడా పెరుగుతుంది.

పూత దశ: కొమ్మల చివర ధనియాల గింజంత తెల్లని పూలు గుత్తులుగా వస్తాయి. దగ్గరగా చూస్తే ఒక్కొక్క పూవుకు అయిదు మూలలు ఉంటాయి.

గడ్డిచామంతిని చూసి ఇదే అనుకోవద్దు. గడ్డిచామంతి నేల మీద పాకుతుంది. పొడవాటి కాడకు ఒకే పూవు, మధ్యలో పసుపు ఉంటుంది.

ఏమి చేయాలి?

మొలిచిన నెల, నెలన్నరలోనే పూతకు వస్తుంది. ఒక్క మొక్క 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. కనుక వాన పడి నేల మెత్తబడినపుడు, పూతకు ముందే వేళ్లతో సహా పీకాలి. వట్టి చేతులతో పట్టుకోరాదు. దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి వల్ల కొందరికి ఉబ్బసం కూడా రావచ్చు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పూత లేని మొక్కలను కంపోస్టు గోతిలో వేయవచ్చు.

ఒక్కరి గట్టు శుభ్రమైతే చాలదు. పక్క గట్టు విత్తనం గాలికి, నీటికి మళ్లీ చేరుతుంది. తొలకరి పడిన మూడు వారాల లోపున సంఘ సభ్యులందరు ఒక రోజు కూడి దారుల వెంట, కాలువ గట్ల మీద, పాలకేంద్రం చుట్టూ ఈ మొక్కను పీకివేయుట మేలు. మేత మోపును పశువు ముందు వేసే ముందు ఒకసారి విప్పి చూడండి.