గ్యాసర్ కారు ముందు ఇరుసు కథ

డ్రాగ్ రేసులో మలుపులుండవు. పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా దూసుకుపోవాలి. గంటకు 140 మైళ్ల వేగంలో ఆ తిన్నగా పోవడమే అన్నిటికంటే కష్టం. 1950, 60 దశకాల అమెరికా గ్యాసర్ కార్లను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

వాలీ పార్క్స్ 1951లో స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, వీధుల్లో పందేలు కాసే కుర్రకారును ట్రాకుల మీదికి మళ్లించింది. అక్కడ బంకు పెట్రోలు తరగతిలో పోటీపడినవే గ్యాసర్లు. వాటిలో 1941 విల్లీస్ కూపేకు పెద్ద పేరు. అప్పటి టైర్లకు పట్టు తక్కువ. బయల్దేరే క్షణంలో బరువు వెనక చక్రాల మీదికి మళ్లాలి. గరిమనాభి ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువగా మళ్లుతుంది. అందుకే కారు ముందు భాగాన్ని ఎత్తేశారు. 1955 షెవర్లే వంటి కార్లకైతే అసలు సస్పెన్షన్ విప్పేసి, కమాన్ కట్టల మీద ఒకే కడ్డీ ఇరుసు బిగించారు. మన లారీల ముందు ఇరుసు నేటికీ ఆ తరహాదే.

కారును ఎత్తితే కోణాలు మారతాయి. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 100 అంగుళాలున్న కారు ముందు భాగం ఒకటిముప్పావు అంగుళం లేస్తే కారంతా సుమారు 1 డిగ్రీ వెనక్కి వాలుతుంది. దానితోపాటే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే కడ్డీ) వాలు, అంటే కాస్టర్, పెరుగుతుంది. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉన్నట్టే ఇదీను: చక్రం నేలను తాకే చోటు స్టీరింగ్ అక్షం వెనక పడుతుంది కాబట్టి చక్రం తనంతట తాను తిన్నబడుతుంది. గ్యాసర్లకు సాధారణంగా 6 నుంచి 10 డిగ్రీల దాకా పెడతారు. తక్కువైతే కారు అటూ ఇటూ కొట్టుకుంటుంది. మరీ ఎక్కువైతే స్టీరింగ్ బరువెక్కి, చక్రాలు వణుకుతాయి. ఇరుసుకూ కమాన్ కట్టకూ మధ్య వాలు షిమ్‌లు పెట్టి దీన్ని సరిచేస్తారు.

కింగ్‌పిన్ బుష్‌లు అరిగి ఉంటే ఏ కొలతా నిలవదు. ముందు వాటిని చూసుకుని, డ్రైవరంత బరువు సీట్లో పెట్టి, కాస్టర్ తేల్చాక టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, సరిచూడాలి. జాకీ మీద చక్రం తిప్పుతూ టైరుకు సుద్ద రాసి, మేకు మొనతో చుట్టూ ఒక గీత గీస్తారు. కారు దించి కొంచెం ముందుకు దొర్లించి, రెండు గీతల మధ్య దూరాన్ని టైర్ల ముందువైపు, వెనకవైపు ఒకే ఎత్తులో టేపుతో కొలుస్తారు. ముందు కొలత 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. పరుగులో నేల రాపిడి చక్రాలను బయటికి తోస్తుంది. అలా బయటికి జరిగే మేరను ఈ తేడా భర్తీ చేస్తుంది. తేడా సరిపోకపోతే రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ తిప్పుతారు.

చివరి పరీక్ష ముఖ్యం. స్టీరింగ్ కదలకుండా కట్టి, ఫ్రేము ముందు భాగాన్ని రెండు మూడు అంగుళాలు ఎత్తి చూడాలి. ఇరుసు కదిలే దారి, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్ కదిలే దారి కుదరకపోతే చక్రాలు వాటంతటవే పక్కకు తిరుగుతాయి. బయల్దేరేటప్పుడు గాల్లోకి లేచిన ముందు చక్రాలు అలా వంకరగా నేలకు దిగితే కారు అదుపు తప్పుతుంది.

1960ల చివరికి టైర్లు మెరుగుపడ్డాయి, ఫన్నీ కార్లనే కొత్త తరహా డ్రాగ్ కార్లు వచ్చాయి, ఎత్తు అవసరం తీరిపోయింది. గ్యాసర్లు అమెరికాలో పాతకార్ల రేసుల్లో ఇంకా పరిగెడుతున్నాయి. వాటిని బాగుచేసేవారు ఇంజిన్ మూత తెరిచే ముందు ఇరుసు కిందికి దూరి చూడాలి. డ్రైవరు ప్రాణం ఆ కొలతల మీదే ఆధారపడి ఉంటుంది.