కళ్ళకు గంతలు... చెవులకు పరీక్ష!

మీ ఇంట్లో అటక మీదో, బీరువా పైనో పాత క్యాసెట్లున్న అట్టపెట్టె ఒకటి ఉందా? "ఇంకా ఎందుకవి? పారేయరాదూ!" అని ఇంట్లోవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. తొందరపడి పారేయకండి. ముందు ఈ కబుర్లు చదవండి. అమెరికాలో ఒక ఇల్లాలి దగ్గర ఉండిపోయిన టేపు 55 ఏళ్ళ తర్వాత బయటపడి ప్రపంచంలోని జాజ్ సంగీత ప్రియులందరినీ ఎలా ఆశ్చర్యపరిచిందో తెలిస్తే, ఆ అట్టపెట్టెను చూసే చూపే మారిపోతుంది!

"జాజ్‌కీ మాకూ సంబంధం ఏమిటండీ?" అంటారేమో. ఉంది. పాటను దాచుకోవడం, నలుగురికీ పంచడం, కళ్ళు మూసుకుని శ్రద్ధగా వినడం అన్న మూడు పనుల్లో జాజ్ అభిమానులను మించినవాళ్ళు అరుదు. ఆ మూడూ మన ఇళ్ళల్లోనూ చేసుకోదగ్గవే!

అసలేమిటీ జాజ్?

గత శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ పట్టణంలో నల్లజాతివారి మధ్య పుట్టి పెరిగిన సంగీతం ఇది. ట్రంపెట్, సాక్సోఫోన్, పియానో, డ్రమ్ములు ఇందులో ముఖ్యమైన వాద్యాలు. మన బ్యాండు మేళంలో చూసే వాద్యాలే కొన్ని. ప్రాణం మాత్రం "అప్పటికప్పుడు కల్పించి వాయించడం"లో ఉంది. మన కచేరీలో విద్వాంసుడు కృతి పాడి, ఆపైన కల్పనస్వరాలు వేస్తాడు చూడండి... ఆ పద్ధతి అనుకోండి. అదే వంకాయ, అదే కారం, అయినా ఇవాళ్టి కూర నిన్నటిలా ఉండదు కదా! జాజ్ కళాకారుడి వాయిద్యమూ అంతే. ఈ రాత్రి వాయించింది రేపు రాత్రి మళ్ళీ అలాగే రాదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. జాజ్ పేరుతో మొదటి రికార్డు 1917లో వచ్చింది. ఆనాటి గ్రామఫోను పళ్ళెం మీద ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాటే. క్లబ్బులో అర్ధరాత్రి దాకా సాగే కల్పన అందులో ఎక్కడ పడుతుంది? పైగా సంగీత కళాకారుల సంఘం సమ్మె వల్ల 1942 ఆగస్టు నుంచి చాలాకాలం అమెరికాలో వాద్యగాళ్ళ కొత్త రికార్డింగులు ఆగిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే జాజ్ కొత్త దారి తొక్కుతోంది. కంపెనీలు పట్టించుకోని ఆ సంగీతంలో కొంతైనా మనకు మిగిలిందంటే, అది అభిమానుల చలవే.

యంత్రం మోసిన అభిమానులు

1940 నవంబరు 7న నార్త్ డకోటాలోని ఫార్గో ఊళ్ళో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం ఒక డాన్సు కార్యక్రమంలో వాయించింది. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు అనుమతి అడిగి, తమ యంత్రం తెచ్చుకుని, ఆ రాత్రి సంగీతాన్ని పళ్ళేల మీద ఎక్కించుకున్నారు. అమ్ముకోవడానికి కాదు, తాము వినడానికే! అది అధికారికంగా మార్కెట్లోకి వచ్చింది 1978లో. 1980లో దానికి గ్రామీ అవార్డు కూడా దక్కింది.

జెర్రీ న్యూమన్ అనే కాలేజీ విద్యార్థిదీ ఇదే పిచ్చి. 1941లో న్యూయార్కులోని హార్లెం క్లబ్బులకు రికార్డింగు యంత్రం మోసుకెళ్ళేవాడు. గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ మింటన్స్ క్లబ్బులో స్వేచ్ఛగా వాయించింది ఈనాడు వినగలుగుతున్నామంటే అతని పుణ్యమే.

ఇక డీన్ బెనెడెట్టి సంగతి చెప్తే నవ్వొస్తుంది. ఆయన తానూ సాక్సోఫోన్ వాయించేవాడే. కానీ చార్లీ పార్కర్ అంటే ప్రాణం! 1947, 48ల్లో పార్కర్ వాయించే క్లబ్బులకు యంత్రంతో వెళ్ళి కూర్చునేవాడు. పార్కర్ వంతు రాగానే మీట నొక్కేవాడు. మిగతావాళ్ళ వంతు రాగానే చాలాసార్లు ఆపేసేవాడు! పళ్ళేలు, టేపు పొదుపు చేసుకోవాలి కదా మరి. బెనెడెట్టి 1957లో చనిపోయాడు. ఆ రికార్డింగులు ఉన్నాయా లేవా అన్నది కథలా చెప్పుకునేవారు. చివరికి 1990లో మొజాయిక్ అనే కంపెనీ వాటిని విడుదల చేసింది.

నైమా దాచిన టేపు

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఇల్లాలి దగ్గరికి వద్దాం. ఆమె పేరు నైమా. సాక్సోఫోన్ దిగ్గజం జాన్ కోల్‌ట్రేన్ మొదటి భార్య. థెలోనియస్ మంక్ అనే గొప్ప పియానో విద్వాంసుడి బృందంతో కోల్‌ట్రేన్ న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయిస్తుంటే, నైమా తన చిన్న టేప్‌రికార్డరుతో రికార్డు చేసుకుంది. అది 1958 నాటిది. శబ్దం అంత శుభ్రంగా ఉండదు. అయినా ఆ ఇద్దరూ ఆ క్లబ్బులో కలిసి వాయించగా విన్నవాళ్ళు చెప్పుకోవడమే తప్ప వినడానికి ఏమీ లేని రోజుల్లో, 1993లో ఆ టేపు సీడీగా వచ్చినప్పుడు అభిమానులు దాన్ని కళ్ళకద్దుకున్నారు.

అంతటితో అయిపోలేదు. 1963 మార్చి 6న కోల్‌ట్రేన్ బృందం న్యూజెర్సీలోని స్టూడియోలో ఒక రోజంతా రికార్డు చేసింది. ఇంటికెళ్ళి విని చూసుకోవడానికని ఆయనకొక నకలు టేపు ఇచ్చారు. కంపెనీ దగ్గరున్న అసలు టేపు కాలక్రమంలో లేకుండా పోయింది. కోల్‌ట్రేన్, నైమా విడిపోయారు. 1967లో, నలభయ్యేళ్ళకే, ఆయన కన్నుమూశాడు. 1996లో నైమా కూడా వెళ్ళిపోయింది. కానీ ఆ నకలు టేపు మాత్రం ఆమె కుటుంబం దగ్గర భద్రంగా ఉండిపోయింది! 2018లో అది ఆల్బముగా విడుదలైనప్పుడు, ఇది పెద్ద పిరమిడ్‌లో కొత్త గది దొరికినట్టు ఉందని మరో సాక్సోఫోన్ దిగ్గజం సోనీ రాలిన్స్ అన్నాడు.

చూశారా! పెద్ద కంపెనీ నిలబెట్టుకోలేనిదాన్ని ఒక ఇల్లు నిలబెట్టింది.

ఆశ్రమం నుంచి ఊరూరికీ

కోల్‌ట్రేన్ రెండో భార్య ఆలిస్ కథ ఇంకా చిత్రమైనది. డెట్రాయిట్‌లో పుట్టిన ఆలిస్ స్వయంగా పియానో, హార్ప్ విద్వాంసురాలు. భర్త పోయాక పిల్లల్ని పెంచుకుంటూనే సొంతంగా ఎన్నో రికార్డులు చేసింది. మన ఆధ్యాత్మికత వైపు మనసు మళ్ళి తురీయ సంగీతానంద అని పేరు మార్చుకుని, కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపింది. అక్కడ ఆర్గాన్ వాయిస్తూ సంస్కృత భజనలు పాడేది. 1982 నుంచి వాటిని క్యాసెట్లుగా చేసి, ప్రధానంగా ఆశ్రమానికి వచ్చేవాళ్ళకే ఇచ్చేవారు. దుకాణాల్లో దొరికేవి కావు. ఆ క్యాసెట్లు చేతులు మారి, నకళ్ళకు నకళ్ళు తీసుకుని, ఎక్కడెక్కడి జాజ్ ప్రియులకో చేరాయి. 2007లో ఆమె కన్నుమూసింది. పదేళ్ళ తర్వాత, 2017లో, ఆ పాటల సంకలనం విడుదలై కొత్త తరం వాళ్ళను కూడా ఆకట్టుకుంది.

ఇలా పంచుకోవడంలో ఒక ఇబ్బందీ లేకపోలేదు. దొంగచాటుగా రికార్డు చేసి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. వాయించినవాడికి పైసా ముట్టదు, అమ్మినవాడి జేబు నిండుతుంది. అందుకే నిజమైన అభిమానులు చాలామంది ఒక కట్టుబాటు పెట్టుకుంటారు. స్నేహితుల మధ్య ఇచ్చిపుచ్చుకోవచ్చు. వ్యాపారం చేయకూడదు. కంపెనీ అధికారికంగా విడుదల చేస్తే కొనుక్కోవాలి. న్యాయమైన మాటే కదూ!

ఎవరు వాయించారో చెప్పుకోండి

జాజ్ అభిమానులకు ఇంకో సరదా కూడా ఉంది. అదే "కళ్ళకు గంతల పరీక్ష". నిజంగా గంతలు కట్టరు లెండి! పేరు చెప్పకుండా రికార్డు పెడతారు. వాయించింది ఎవరో ఊహించాలి. నచ్చిందో లేదో చెప్పి, ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారో చెప్పాలి. లెనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 1946లో మెట్రోనోమ్ పత్రికలో దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత డౌన్‌బీట్ పత్రికలో దశాబ్దాల పాటు సాగింది. మొట్టమొదట పరీక్షకు కూర్చున్నది ఎవరనుకున్నారు? ఒక మహిళ! పియానో విద్వాంసురాలు మేరీ లూ విలియమ్స్. హార్లెంలోని ఆమె ఇల్లే ఒక బడిలా ఉండేది. మంక్ వంటి వాళ్ళు అక్కడికి వచ్చి సలహాలు తీసుకునేవాళ్ళు.

ఈ ఆట వెనుక పెద్ద విషయమే ఉంది. ట్రంపెట్ విద్వాంసుడు రాయ్ ఎల్‌డ్రిడ్జ్ నల్లజాతివాడు. తెల్లవాళ్ళ బృందాల్లో వాయిస్తూ ఊరూరా తిరిగేటప్పుడు ఎన్నో అవమానాలు పడ్డాడు. "వింటే చాలు, వాయించింది తెల్లవాడో నల్లవాడో చెప్పేస్తాను" అని ఫెదర్‌తో పందెం కట్టాడు. 1951లో పరీక్ష జరిగింది. చాలాచోట్ల తప్పాడు! తప్పానని ఒప్పుకున్నాడు కూడా. ఒంటి రంగు చెవికి వినిపించదని తేలిపోయింది.

ఆడవాళ్ళ సంగతీ అంతే. "ఆడపిల్ల వాయిద్యంలో ఆ పట్టు ఉండదు" అనేవాళ్ళు అప్పుడు చాలామంది. 1954లో ఫెదర్ ఒక రికార్డు చేయించాడు. క్లార్క్ టెర్రీ నాయకత్వంలో మగవాళ్ళ బృందం, టెర్రీ పొలార్డ్ నాయకత్వంలో ఆడవాళ్ళ బృందం పోటాపోటీగా వాయించాయి. పేరు చూడకుండా వింటే ఏ బృందం ఎవరిదో చెప్పడానికి తడబడాల్సిందే!

మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌నే చూడండి. "కర్ణాటక సంగీతానికి మాండొలినా?" అని మొదట్లో పెదవి విరిచినవాళ్ళున్నారు. వాద్యం పేరు చూసి కాకుండా రాగం విని ఉంటే ఆ మాట వచ్చేదా? 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయనకు నిండా పద్నాలుగేళ్ళు. అక్కడి శ్రోతలకు మన రాగాలు తెలియవు, తాళాలు తెలియవు. విన్నారు, మెచ్చుకున్నారు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి "రిమెంబర్ శక్తి" బృందంలో ఎన్నో దేశాల్లో వాయించాడు.

మీ ఇంట్లో ఆడి చూడండి

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టండి. ఖర్చేమీ లేదు.

* ఒకరు మాత్రమే పాట పెట్టాలి. పేరు, బొమ్మ ఎవరికీ కనబడకూడదు.

* ఒకే కృతిని వయొలిన్ మీద, వీణ మీద, మాండొలిన్ మీద వినిపించండి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్, ఆయన కుమార్తె మంగతాయారుగారి వయొలిన్ పక్కపక్కన పెట్టి చూడండి.

* అందరూ కాగితం మీద మూడు రాయాలి: ఏ వాద్యాలు వినబడ్డాయి, ఎవరు అనుకుంటున్నారు, ఐదింటికి ఎన్ని నక్షత్రాలు.

* పేరు చెప్పాక నక్షత్రాలు మార్చకూడదు! పెద్దపేరని తెలియగానే మార్కులు పెంచడం మన అందరికీ అలవాటే.

* అత్తగారినీ, చిన్నపిల్లల్నీ వదలకండి. ఎక్కువసార్లు గెలిచేది వాళ్ళే!

పాత క్యాసెట్లకు నాలుగు జాగ్రత్తలు

* క్యాసెట్లను పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ, పొయ్యి వేడి తగలకూడదు. స్పీకర్ల పక్కన అసలు పెట్టకండి. వాటిలోని అయస్కాంతం టేపుకు చేటు.

* వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు డబ్బాలో వేసి మూత పెట్టండి. పిల్లల చేతికి అందకుండా చూసుకోండి. టేపు మీద తెల్లటి బూజు కనబడితే ప్లేయరులో వేయకండి. తెలిసినవాళ్ళకు చూపించండి.

* క్యాసెట్టు పైఅంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేస్తే, పొరపాటున దానిమీద ఇంకోటి రికార్డు కాదు.

* ప్లేయరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు కలిపి కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నకళ్ళు రెండుచోట్ల పెట్టండి. ఒకటి మీ దగ్గర, ఇంకోటి చెల్లెలి దగ్గరో, అమ్మాయి దగ్గరో.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఎవరు పాడారు, ఏ సంవత్సరం, ఏ ఊళ్ళో అన్నది క్యాసెట్టు మీద రాసి పెట్టండి. నైమా టేపును కూడా మొదట 1957 నాటిదనుకుని, తర్వాతే 1958దని తేల్చుకున్నారు. బామ్మ పాడిన మంగళహారతి అయినా, పెళ్ళిలో పిన్ని పాడిన పెళ్ళిపాట అయినా, ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. ఆ పరీక్షకు మాత్రం తర్వాత జవాబు చెప్పేవాళ్ళు ఉండరు సుమండీ!