సంకేతపదాల భాండాగారం

భూగర్భగనిలోకి దిగబోయే బొగ్గుగని కార్మికుడు మొదట ల్యాంప్‌రూమ్ వద్ద ఆగుతాడు. తలపై ధరించే హెల్మెట్‌కు అమర్చుకొనే దీపాన్ని అక్కడ స్వీకరిస్తాడు. ప్రతి దీపానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్య గల దీపం ఎవరి చేతికి వెళ్ళిందో పుస్తకంలో నమోదవుతుంది. షిఫ్టు ముగిసిన తరువాత ఒక దీపం తిరిగి రాలేదంటే దానిని తీసుకొన్న మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని పైనున్నవారు గ్రహిస్తారు. కనుకనే ఒకరి దీపాన్ని మరొకరు తీసుకొనిపోవడాన్ని గనిలో ఎవరూ చిన్న తప్పుగా భావించరు. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు ధరించిన సంస్థ గనులకు నెలవైన గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో ఈ క్రమశిక్షణ ఇంటింటికీ తెలిసినదే.

అయితే అదే ఇళ్ళలో మరొక వ్యవహారం ఈ పద్ధతికి పూర్తిగా విరుద్ధంగా సాగుతూ ఉంటుంది. 2020లో కరోనా మూలంగా తరగతులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు పిల్లల చదువుకోసం కొన్న టాబ్లెట్ అనేక కుటుంబాల్లో క్రమంగా ఇంటిల్లిపాదికీ ఉమ్మడి పరికరమైంది. తండ్రి బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్ వివరాలు చూసేది దానిలోనే. తల్లి బ్యాంకు ఖాతా తెరిచేది, కుమారుడు ఈఏపీసెట్‌కు దరఖాస్తు చేసేది, కుమార్తె ఉపకారవేతనం సంగతి తెలుసుకొనేది, డిజీలాకర్ నుండి మార్కుల పత్రం తీసుకొనేది, రైలు టికెట్టు కొనేది కూడా దానిలోనే. వీటిలో అనేకం ఒక్కొక్క పాస్‌వర్డ్ అడుగుతాయి. ఇంటివారు అన్నింటికీ ఒకే పదం ఇస్తారు. ఆ పదం సాధారణంగా తండ్రి పనిచేసే గని పేరు, ఆయన ఉద్యోగంలో చేరిన సంవత్సరం కలిపి అల్లినదై ఉంటుంది. లేదా పిల్లవాని ముద్దుపేరు పక్కన 123 చేర్చినదై ఉంటుంది. కంపెనీ క్వార్టర్లలో పొరుగువారి గని పేరు, చేరిన సంవత్సరం, పిల్లల ముద్దుపేర్లు ఎరుగని వారెవరు?

ఇది కేవలం అజాగ్రత్త అని నిందించడం న్యాయం కాదు. లోపం మానవుని జ్ఞాపకశక్తి స్వభావంలోనే ఉంది. శతావధాని నూరుగురు పృచ్ఛకులకు చెప్పిన పద్యాలను ధారణలో నిలిపి తిరిగి అప్పగించగలడు. కానీ ఆ పద్యాలకు ఛందస్సు ఉంటుంది, యతిప్రాసలు ఉంటాయి, అర్థం ఉంటుంది. ఒక పాదం స్ఫురిస్తే తరువాతి పాదం దాని వెంట వస్తుంది. మంచి పాస్‌వర్డ్‌కు ఇవేవీ ఉండరాదు. అర్థమున్నదానిని ఇతరులు ఊహించగలరు. లయ ఉన్నదానిని యంత్రం పసిగట్టగలదు. అర్థం, లయ, క్రమం లేని పదునాలుగు అక్షరాల గుంపులను ఇరవై ముప్పై వరకు గుర్తుంచుకొమ్మంటే ఎంతటి అవధానికైనా అది దుస్సాధ్యమే.

కంప్యూటర్లలో పాస్‌వర్డ్ పద్ధతి ఆరంభమైనప్పుడు ఈ చిక్కు లేదు. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో నాయకత్వాన, ఒకే కంప్యూటరును అనేకులు పంచుకొనే వ్యవస్థ రూపొందింది. ఎవరి దస్త్రాలు వారికే కనిపించడానికి ఒక్కొక్కరికి ఒక రహస్యపదం చాలునని భావించారు. మరుసటి సంవత్సరమే అలన్ షెర్ అనే పరిశోధకుడు తనకు కేటాయించిన సమయం చాలక, రహస్యపదాల జాబితానంతా ఆ యంత్రం చేతనే ముద్రింపజేసి, ఇతరుల పదాలతో పని సాగించాడు. పాస్‌వర్డ్‌కు ఎంత వయసుందో దాని చౌర్యానికీ ఇంచుమించు అంతే వయసుంది. కార్బాటో సైతం 2014లో ఒక పత్రికతో మాట్లాడుతూ, పాస్‌వర్డుల వ్యవహారం పీడకలగా మారిందన్న అభిప్రాయం వెలిబుచ్చాడు.

ఒకే గుర్తును అన్నింటికీ వాడడంలోని ప్రమాదాన్ని భారతీయ సాహిత్యం ఎంతో ముందే చిత్రించింది. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ కథకు మూలం ఒక ఉంగరం. నందుల మంత్రి రాక్షసుడు పాటలీపుత్రాన్ని విడిచి వెళ్తూ తన కుటుంబాన్ని మిత్రుడైన చందనదాసు ఇంట ఉంచుతాడు. రాక్షసుని పేరు చెక్కిన ఉంగరం అక్కడ జారిపడి, ఒక గూఢచారి ద్వారా చాణక్యుని చేరుతుంది. చాణక్యుడు రాక్షసుని ఆప్తుడైన శకటదాసు చేతనే ఉపాయంగా ఒక లేఖ వ్రాయించి, దానిపై ఆ ముద్ర వేయిస్తాడు. లేఖనూ ముద్రనూ చూసిన మలయకేతువు రాక్షసుణ్ణి ద్రోహిగా తలచి దూరం చేసుకొంటాడు. అక్షరాలు ఆప్తునివే, ముద్ర రాక్షసునిదే, సందేహించడానికి తావెక్కడ? రాక్షసుడు ఎంత మేధావి అయినా అతని మాటకు సాక్ష్యం ఆ ఒక్క ఉంగరమే కావడం చాణక్యునికి కలిసివచ్చింది.

నేటి సైబర్ నేరస్థులు అనుసరించే మార్గం కూడా దీనికి దూరమైనది కాదు. 2009లో రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుండి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డులు బయటికి పొక్కాయి. ఆ సంస్థ వాటిని ఏ మరుగూ లేకుండా ఉన్నవి ఉన్నట్లే భద్రపరచింది. ఆ జాబితాలో ‘123456’ అనే పాస్‌వర్డ్ ఒక్కటే సుమారు 2 లక్షల 90 వేల సార్లు కనిపించింది. ఇటువంటి జాబితా చేజిక్కినవాడు అదే సంస్థ వద్ద ఆగిపోడు. ఈ-మెయిల్ చిరునామా, పాస్‌వర్డ్ జంటను యంత్రసహాయంతో బ్యాంకుల వద్ద, దుకాణాల వద్ద, ఇతర ఖాతాల వద్ద వరుసగా ప్రయోగించి చూస్తాడు. ఎక్కడో ఒక ఆటల వెబ్‌సైటులో పోయిన పదమే ఈ-మెయిల్ తలుపును తెరవవచ్చు. ఈ-మెయిల్ తెరుచుకొంటే తక్కిన ఖాతాల పాస్‌వర్డులను మార్చే లేఖలన్నీ అక్కడికే వస్తాయి. ఏళ్ళ తరబడి భూమి లోపల చెమటోడ్చి కూడబెట్టిన విశ్రాంత జీవన ధనానికి కాపలాగా పిల్లవాడు ఆటకోసం సృష్టించిన పదం ఉండడం ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చినదే పాస్‌వర్డ్ మేనేజర్. దీనిని సంకేతపదాల భాండాగారం అనవచ్చు. ప్రతి ఖాతాకూ వేర్వేరుగా, దీర్ఘంగా, అర్థరహితంగా ఉండే పాస్‌వర్డును అది స్వయంగా సృష్టిస్తుంది. వాటన్నింటినీ గూఢలిపిలోకి మార్చి భద్రపరుస్తుంది. ఆ గూఢలిపిని విప్పే తాళంచెవి యజమాని ఎంచుకొన్న ప్రధాన పాస్‌వర్డ్ నుండి పుడుతుంది. మంచి మేనేజర్లలో ఈ మార్పిడి టాబ్లెట్‌లోనే జరుగుతుంది. సంస్థ సర్వరుకు చేరేది గూఢలిపి మాత్రమే. తాళంచెవి సంస్థ చేతికి పోదు కనుక ప్రధాన పాస్‌వర్డ్ మరచినవానికి ఆ సంస్థ సైతం సహాయం చేయలేకపోవచ్చు. ఈ రెండవ అంశాన్ని చాలామంది ఆలస్యంగా తెలుసుకొంటారు.

టాబ్లెట్‌లో దీనిని వాడే విధానం కంప్యూటరు కంటే కొంత భిన్నమైనది. కంప్యూటరులో మేనేజర్ సాధారణంగా బ్రౌజరుకు అతికించిన ఎక్స్‌టెన్షన్‌గా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలోని క్రోమ్ బ్రౌజరు అటువంటి ఎక్స్‌టెన్షన్లను స్వీకరించదు. అందువల్ల ఆ పనిని టాబ్లెట్ వ్యవస్థ ద్వారానే జరిపించాలి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8, ఐప్యాడ్లలో 2018 నాటి ఐఓఎస్ 12 ఈ ఏర్పాటును ప్రవేశపెట్టాయి. దీనిని ఆటోఫిల్ అంటారు. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డులకు సంబంధించిన విభాగాన్ని తెరిచి, నింపవలసిన సేవగా తాము ఎంచుకొన్న మేనేజర్‌ను నిర్ణయించాలి. క్రోమ్‌లో దాని సొంత సెట్టింగ్స్‌లో కూడా మరొక సేవను వాడమని విడిగా చెప్పవలసి ఉంటుంది. ఈ రెండవ పని చేయక, మేనేజర్ పనిచేయడం లేదని విసిగి తీసివేసేవారు ఉన్నారు.

క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లకు సొంత భాండాగారాలూ ఉన్నాయి. ఇంట్లో ఒకే రకపు పరికరాలుంటే అవి చాలా మందికి సరిపోతాయి. ఫోను ఒక రకం, టాబ్లెట్ మరొక రకం అయినప్పుడు బిట్‌వార్డెన్ వంటి వేరు మేనేజర్ సౌకర్యంగా ఉంటుంది. దేనిని ఎంచుకొన్నా ఒకదానినే ఎంచుకోవాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బ్రౌజరులో పాత పాస్‌వర్డ్, మేనేజర్‌లో కొత్త పాస్‌వర్డ్ నిలిచి, ఏది నిజమో తెలియక దరఖాస్తు చివరి తేదీన ఖాతా బిగుసుకుపోతే విద్యార్థికి కలిగే నష్టం సామాన్యమైనది కాదు. పాత పాస్‌వర్డులను మేనేజర్‌లోకి చేర్చి, అవి సరిగా పనిచేస్తున్నాయని నిర్ధారించుకొన్న తరువాత బ్రౌజరులోనివి తొలగించి, దానిలో భద్రపరచే అమరికను ఆపివేయడం ఉత్తమం.

మేనేజర్ చేసే ఉపకారాల్లో అందరికీ అంతగా తెలియనిది మరొకటి ఉంది. అది వెబ్‌సైటును రూపాన్ని బట్టి కాక చిరునామాను బట్టి గుర్తిస్తుంది. బ్యాంకు పుట వంటి పుటను, అదే రంగుతో, అదే చిహ్నంతో తయారుచేయడం మోసగానికి కష్టం కాదు. ప్రావిడెంట్ ఫండ్ వివరాలు సరిచూసుకోవాలనో, రాత్రికి విద్యుత్తు సరఫరా నిలిచిపోతుందనో వచ్చిన సందేశంలోని లంకెను నొక్కితే ఆ పుట తెరుచుకొంటుంది. చిరునామాలో ఇంగ్లీషు చిన్న ‘ఎల్’ అక్షరానికి బదులు ‘ఒకటి’ అంకె ఉన్న సంగతి రాత్రి షిఫ్టు దిగివచ్చిన కన్నులకు కనిపించదు. మేనేజర్‌కు మాత్రం ఆ చిరునామా పూర్తిగా అపరిచితం. అది పాస్‌వర్డును ముందుకు తేదు. నిత్యం తానే నింపే మేనేజర్ ఒకనాడు మౌనంగా ఉన్నదంటే ఆ మౌనాన్ని హెచ్చరికగా గ్రహించి చిరునామాను పరీక్షించాలి. విసుగుతో భాండాగారం తెరిచి, పాస్‌వర్డును నకలు తీసి ఆ పుటలో అతికించినవారికి ఈ రక్షణ అందదు. ఫోనులో అపరిచితునికి ఓటీపీ చెప్పేవారిని కూడా ఏ మేనేజరూ కాపాడలేదు. డబ్బు పోయినట్లు గ్రహించిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయడమే అప్పుడు మిగిలే మార్గం.

ఇన్ని పాస్‌వర్డుల బాధ్యత ఒక్క ప్రధాన పాస్‌వర్డ్ పైకి చేరింది గనుక దాని ఎంపిక అత్యంత కీలకం. గనిలో మందుగుండు పేల్చే ఎక్స్‌ప్లోడర్ పిడిని లేదా తాళాన్ని షాట్‌ఫైరర్ తన వద్దనే ఉంచుకోవాలని బొగ్గుగనుల నిబంధనలు శాసిస్తాయి. దానిని సహోద్యోగికి సైతం అప్పగించరాదు. ప్రధాన పాస్‌వర్డ్ విషయంలోనూ ఆ నియమమే తగినది. పద్యపాదాలు, సినిమా పాటల పల్లవులు దీనికి పనికిరావు. అవి లక్షలాది మందికి కంఠస్థం. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి సరళంగా ఉంటుంది. పాచికను ఐదుసార్లు వేస్తే ఐదంకెల సంఖ్య వస్తుంది. 7,776 పదాల జాబితాలో ఆ సంఖ్యకు ఎదురుగా ఉన్న పదాన్ని తీసుకోవాలి. ఇట్లా ఐదు పదాలు కూర్చితే ఏర్పడగల కూర్పుల సంఖ్య 28 పక్కన పద్దెనిమిది సున్నాలు చేర్చినంత ఉంటుంది. పదాలు అర్థవంతమైనవే కనుక నాలుగు రోజుల్లో నాలుకకు అలవాటవుతాయి. అయితే పదాలను పాచికే నిర్ణయించాలి. మనిషి తన ఇష్టం మేరకు ఎంచుకొంటే మళ్ళీ గని పేరే మొదట వస్తుంది.

అన్నీ ఒకేచోట ఉంటే దొంగకు పని సులభం కాదా అన్న సందేహం సహేతుకమైనదే. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ సంస్థ నుండి వినియోగదారుల భాండాగారాల ప్రతులు చోరీకి గురయ్యాయి. వెబ్‌సైటుల చిరునామాలు గూఢలిపిలో లేనందున ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో దొంగలకు తెలిసిపోయింది. పాస్‌వర్డులు గూఢలిపిలోనే ఉన్నాయి. బలమైన ప్రధాన పాస్‌వర్డ్ గలవారి భాండాగారాన్ని ఛేదించడం దుస్సాధ్యం. బలహీనమైనది పెట్టుకొన్నవారు తమ పాస్‌వర్డులన్నింటినీ మార్చుకోవలసిన స్థితి ఏర్పడింది. కనుక ఈ-మెయిల్, బ్యాంకు, మేనేజర్ ఖాతాలకు పాస్‌వర్డుతో పాటు రెండవ నిర్ధారణను కూడా ఏర్పరచుకోవాలి.

ఉమ్మడి టాబ్లెట్‌లో మరికొంత జాగ్రత్త అవసరం. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో చాలావాటిలో ఒక్కొక్కరికి వేర్వేరు వాడుకరి ఖాతా ఏర్పరచవచ్చు. ఇళ్ళలో వాడే ఐప్యాడ్లలో ఆ వసతి లేదు. అది లేనిచోట మేనేజర్ ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే మూసుకొనేటట్లు అమర్చాలి. తండ్రి వేలిముద్ర స్థానంలో పిల్లవాని వేలిముద్ర నమోదై ఉంటే భాండాగారం ఎవరి కోసమో తెరిచి ఉన్నట్లే.

ఇంటి యజమానికి ఆకస్మికంగా ఏదైనా జరిగితే ఆ కుటుంబం ఏమి కావాలన్న ప్రశ్న బొగ్గుగనుల ప్రాంతంలో ఊహకు సంబంధించినది కాదు. ప్రావిడెంట్ ఫండ్, పింఛను, బీమా వివరాలన్నీ ఒక్కరికే తెలిసిన పదం వెనుక ఉండిపోతే దుఃఖంలో ఉన్న ఇల్లాలు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. కొన్ని మేనేజర్లలో ముందుగా పేర్కొన్న వ్యక్తి కోరినప్పుడు, యజమాని నిర్ణీత గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే భాండాగారం ఆ వ్యక్తికి తెరుచుకొనే ఏర్పాటు ఉంది. అది లేనప్పుడు పాత పద్ధతి ఉండనే ఉంది. ప్రధాన పాస్‌వర్డును, రెండవ నిర్ధారణకు సంబంధించిన అత్యవసర సంకేతాలను కాగితంపై వ్రాసి, కవరులో పెట్టి, లక్కతోగాని సంతకంతోగాని ముద్రవేసి, బీరువాలో నామినేషన్ పత్రాల పక్కన ఉంచాలి. కవరు ఎక్కడ ఉన్నదో భార్యకు చెప్పాలి. ఏడాదికొకసారి ముద్ర చెదరలేదని చూసుకొని, ప్రధాన పాస్‌వర్డ్ మార్చినప్పుడు లోపలి కాగితాన్ని కూడా మార్చాలి.