ఒక్క మాట కొఱకు

1948 డిసెంబరు 6వ తేదీన భారత రాజ్యాంగ పరిషత్తు ఒక్క మాటను గూర్చి తీవ్రముగా వాదించుకొనెను. ముసాయిదాలోని 19వ అధికరణము ప్రతివానికిని తన మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు స్వేచ్ఛ నొసగినది. మొదటి రెంటిని గూర్చి అంత పేచీ లేదు. ‘ప్రచారము’ అనుదానినే కొందఱు సభ్యులు తొలగింపుమనిరి.

ఆ మాట అల్పసంఖ్యాకులతో కుదిరిన రాజీ ఫలితమనియు, ప్రచారము క్రైస్తవుల మతధర్మములో భాగమనియు కె.యం. మున్షీ వివరించెను. తాను సుమారు 14 ఏండ్లు క్రైస్తవ విద్యాలయములలో చదివితిననియు, తన్ను మతము మార్చుటకు ఎవరును యత్నింపలేదనియు టి.టి. కృష్ణమాచారి చెప్పెను. ఒక విద్యార్థి తన బడికి ఇంతకంటె మంచి యోగ్యతాపత్రము నీయలేడు! మాట నిలిచినది, నేటి 25వ అధికరణమున అది కలదు.

మాట కొఱకు ఇంత పట్టుపట్టిన సమాజము శాసనసభా స్థానముల కొఱకు పట్టుపట్టలేదు. మతమునుబట్టి స్థానములు పంచుట ఆంగ్లప్రభుత్వము నేర్పిన విద్య. మతవిషయములలో జోక్యము చేసికొనరాదని 1858లో విక్టోరియా రాణి ప్రకటన అధికారులను శాసించెను. దానికి మూలము సమభావముకంటె సిపాయిల తిరుగుబాటు కలిగించిన భయమే యనవలెను. ఆ ప్రభుత్వమే 1909లో ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గముల నేర్పఱచెను. 1919 చట్టము క్రింద మదరాసు శాసనసభలో దేశీయ క్రైస్తవులకు 5 స్థానములు వచ్చినవి. 1930లో లండను రౌండు టేబిలు సమావేశమునకు క్రైస్తవ ప్రతినిధిగా వెళ్లిన కె.టి. పాల్ తనవారికి ప్రత్యేక నియోజకవర్గములు వలదనెను. అయినను 1932 నాటి బ్రిటిషు ప్రధాని తీర్పు వానినే కట్టబెట్టెను.

1949 మేలో, మతాల్పసంఖ్యాకులకు స్థానముల కేటాయింపు రద్దు చేయవలెనను తీర్మానమును సలహా సంఘములో ప్రతిపాదించినవాడు బెంగాలీ క్రైస్తవుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీ. పీఠికలో ‘లౌకిక’ పదము 1976లోగాని చేరలేదు. పునాది మాత్రము ఆనాడే పడినది.

అయితే స్థానములను వదలుకొన్న పెద్దలు వేఱు, పల్లెలలోని క్రైస్తవులు వేఱు. గుంటూరు, కృష్ణా జిల్లాలలో ఆ మతము స్వీకరించినవారిలో పెక్కుమంది మాల, మాదిగ కుటుంబములవారు. షెడ్యూల్డు కులములకు కేటాయింపులు నిలిచినను, 1950 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, కొన్ని సిక్కు కులములు తప్ప, హిందువులు గానివారిని ఆ జాబితాలో చేర్చలేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెఱచిరి. క్రైస్తవులకు తెఱవలేదు.