రక్తమే హెచ్చరిస్తుంది!

జ్వరమే కదా అనుకుంటాం. కాలికి చిన్న పుండే కదా అనుకుంటాం. రెండు రోజులు తిరిగేసరికి మనిషి ఐసీయూలో! ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకుంటే వచ్చే ముప్పు ఇది. పేరు సెప్సిస్. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల మందికి ఇది సోకిందనీ, కోటీ పది లక్షల మరణాలకు దీంతో సంబంధం ఉందనీ 2020లో ‘లాన్సెట్’లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

ఎవరి పరిస్థితి ఎంత ప్రమాదకరమో రక్తం కొంతవరకూ ముందే చెబుతుంది. అందులో మొదటిది లాక్టేట్. కణాలకు ఆక్సిజన్ సరిగా అందకపోయినా, శరీరం తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నా ఇది పెరుగుతుంది. బాలింత జ్వరంతో చనిపోయిన స్త్రీల రక్తంలో జర్మనీ వైద్యుడు యోహాన్ జోసెఫ్ షేరర్ 1843లోనే దీన్ని గుర్తించాడు.

లాక్టేట్ మామూలుగా లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపే ఉంటుంది. తగినంత సెలైన్ ఎక్కించాక కూడా అది 2 దాటే ఉండి, బీపీ నిలబెట్టడానికి మందులు కావాల్సివస్తే అది సెప్టిక్ షాక్. 2016లో ఈ నిర్వచనం ఇచ్చిన నిపుణుల లెక్కలో ఇలాంటివారిలో మరణాలు 40 శాతం పైనే.

అలాగని రిపోర్టులో అంకె చూడగానే ఇంట్లోవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. ఆ అంకె ఎటు కదులుతోందన్నది ముఖ్యం. అందుకే రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ పరీక్షిస్తారు. దిగుతోందంటే మంచి సూచనే.

రెండోది ప్రొకాల్సిటోనిన్. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరితే ఇది బాగా పెరుగుతుందని 1993లో ఫ్రెంచ్ పరిశోధకులు చూపించారు. యాంటిబయాటిక్స్ ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. 2016 నాటి నెదర్లాండ్స్ అధ్యయనంలో ఈ పరీక్ష సాయంతో మందులు ఏడు రోజులకు బదులు అయిదు రోజులే సరిపోయాయి. 28 రోజుల్లో మరణాలు మామూలు పద్ధతిలో 25 శాతం ఉంటే, ఇక్కడ 20 శాతమే!

ఏ ఒక్క పరీక్షనూ జాతకంలా నమ్మకూడదు. ఫిట్స్, కాలేయ జబ్బులు లాక్టేట్‌ని పెంచుతాయి. పెద్ద ఆపరేషన్లు ప్రొకాల్సిటోనిన్‌ని పెంచుతాయి. అందుకే వైద్యులు ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, బిలిరుబిన్, బీపీ, స్పృహ... అన్నీ కలిపి చూస్తారు.

ల్యాబ్ కన్నా ముందు ఇంట్లోవాళ్లకే తెలిసే గుర్తులూ ఉన్నాయి. జ్వరంతోపాటు ఆయాసం, పొంతన లేని మాటలు, మూత్రం తగ్గడం, కాళ్లూ చేతులూ చల్లబడటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. షాక్ అనుమానం ఉన్నవారికి గంటలోపే యాంటిబయాటిక్ పడాలి మరి!