ఊదా రాయి, ఊరంత కథలు

నేరేడుపళ్లు తిన్న పిల్లల నాలుక గుర్తుందా? అమెథిస్ట్ రాయిది సరిగ్గా ఆ రంగే. హిందీవాళ్లు దీన్ని జమునియా అనడం అందుకే, జామున్ అంటే నేరేడు కదా. నవరత్నాల్లో దీనికి చోటు లేదు. నీలం కొనే తాహతు లేనివాళ్లకి శని ప్రీతి కోసం ఉపరత్నంగా దీన్ని సూచిస్తుంటారు జ్యోతిష్కులు.

అమెథిస్ట్ అనేది గ్రీకు మాట. మత్తెక్కనిది అని అర్థం. ఈ రాయి ఒంటిమీద ఉంటే ఎంత తాగినా కైపెక్కదని అప్పట్లో నమ్మకం. అయితే క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ ఇదంతా మాంత్రికుల బూటకమని కొట్టిపారేశాడు. ఊదా రాళ్లలో భారతదేశం నుంచి వచ్చేవాటిదే అగ్రస్థానమని రాసింది కూడా ఆయనే. తమిళనాట నొయ్యల్ నది ఒడ్డున ఉన్న కొడుమణల్‌లో తవ్వితే ప్రాచీన కాలపు పూసల తయారీ ఆనవాళ్లు బయటపడ్డాయి, వాటిలో అమెథిస్టూ ఉంది.

మద్యం దేవుడు బాకస్ వెంటపడితే అమెథిస్ట్ అనే కన్య రాయిగా మారిపోయిందట. ఆయన పశ్చాత్తాపంతో ద్రాక్షసారా పోస్తే ఆ రాయికి ఊదా రంగు వచ్చిందట. నగల కొట్ల కరపత్రాల్లో దీన్ని ప్రాచీన గ్రీకు పురాణం అంటారు గానీ, గ్రీకులకు ఈ కథే తెలియదు. రెమీ బెల్లో అనే ఫ్రెంచి కవి 1576లో అల్లిన కల్పన ఇది.

ఈజిప్టువాళ్లు ఈ రాయి కోసం ఎడారికే వెళ్లారు. అస్వాన్‌కి ఆగ్నేయంగా ఉన్న వాదీ ఎల్-హూదీ గనుల్లో సుమారు 4,000 ఏళ్ల కిందటే తవ్వకాలు జరిగాయి. బైబిల్లో యూదుల ప్రధాన యాజకుడి రొమ్ముపతకంలో పొదిగిన 12 రాళ్లలో ఇదీ ఒకటి. క్రైస్తవ బిషప్పుల ఉంగరాల్లోనూ చాలాకాలంగా ఇదే కనిపిస్తుంది. మత్తుకి దూరంగా ఉంచే రాయి మతగురువు వేలికి చేరడంలో వింతేముంది?

ఇక శాపం కథ. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ‘ఢిల్లీ పర్పుల్ సఫైర్’ అనే రాయి ఉంది. పేరుకే సఫైర్ (నీలం), నిజానికి అది అమెథిస్టే. ఢిల్లీ మాటా అంతంతే, ఎందుకంటే కథ ప్రకారం దాని ఊరు కాన్పూరు. 1857 తిరుగుబాటు రోజుల్లో అక్కడి ఇంద్రుడి గుడిలోంచి ఫెర్రిస్ అనే కల్నల్ దీన్ని కొల్లగొట్టాడట. అప్పటినుంచి ఆయన ఆస్తీ ఆరోగ్యమూ కరిగిపోయాయట. తర్వాత అది ఎడ్వర్డ్ హెరాన్-అలెన్ అనే పండితుడి చేతికి వచ్చింది. ఆయన దాన్ని ఒక గాయనికిస్తే ఆమె గొంతు పోయిందట. విసుగెత్తి రీజెంట్స్ కాలువలో పారేస్తే, మూడు నెలలకి పూడిక తీసేవాళ్ల చేతుల మీదుగా మళ్లీ ఆయన ఇంటికే చేరిందట. చివరికి 1904లో ఒక హెచ్చరిక ఉత్తరం జతచేసి, ఏడు పెట్టెల్లో ఒకదానిలో ఒకటి పెట్టి బ్యాంకులో దాచాడు. తాను పోయాక 33 ఏళ్ల దాకా తెరవొద్దన్నాడు. ఆయన 1943లో పోతే, కూతురు ఏడాదైనా ఆగకుండా 1944 జనవరిలో మ్యూజియానికి పంపేసింది!

అసలు ఇంద్రుడికి గుడి కట్టి పూజించడమే మన దేశంలో ఎంత అరుదో తెలిసినవాళ్లకి ఇక్కడే అనుమానం రావాలి. పైగా ఈ పెద్దమనిషి 1921లో మారుపేరుతో ‘ది పర్పుల్ సఫైర్’ అని ఒక కథ కూడా రాశాడు. దానికి ఊతంగా శాపాన్ని ఆయనే పుట్టించి ఉంటాడన్న అనుమానం మ్యూజియం వాళ్లకీ ఉంది.

ఒకప్పుడు అమెథిస్ట్ కెంపు, పచ్చల సరసన కూర్చునేది. 19వ శతాబ్దంలో బ్రెజిల్‌లో కుప్పలుగా దొరకడంతో ధర పడిపోయింది. శాపం కంటే సరఫరాయే దాన్ని ఎక్కువ దెబ్బతీసింది.

రసాయనంగా చూస్తే ఇది స్ఫటికమే. అందులో ఇరుక్కున్న కొద్దిపాటి ఇనుముకి చుట్టుపక్కల శిలల నుంచి సహజ రేడియేషన్ సోకి ఊదా రంగు పుడుతుంది. కొన్ని రాళ్లు ఎండలో ఎక్కువకాలం ఉంటే వెలిసిపోతాయి కూడా. కొలిమిలో 400 డిగ్రీలు దాటించి కాలిస్తే చాలా రాళ్లు పసుపుపచ్చగా మారతాయి. సిట్రిన్ పేరుతో బజార్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఇలా కాల్చినవే. ఆ సిట్రిన్‌ని మన జ్యోతిష్కులు పుష్యరాగానికి బదులు, గురుడి కోసం పెట్టుకోమంటారు. అదే రాయి కొలిమిలోకి శని వస్తువుగా వెళ్లి, బృహస్పతి వస్తువుగా బయటికొస్తోందన్నమాట.